టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు: ఆ క్లినిక్‌కు నెలకు 199 డాలర్లు కట్టే ముందు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 38 ఏళ్లు, డల్లాస్ దగ్గర ఉద్యోగం, హెచ్-1బీ, ఒక పాప. ఏడాదిగా ఒంట్లో ఓపిక లేదు, సాయంత్రానికి నీరసం, కోరిక కూడా తగ్గింది. ఆఫీసు పక్కన ఉన్న మగవాళ్ల క్లినిక్‌కి భోజనం అయ్యాక వెళ్తే రక్తం తీసి, మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ 271 (డెసీలీటరుకు నానోగ్రాములు) ఉంది, తక్కువ, వచ్చే వారం నుంచే ఇంజెక్షన్లు మొదలుపెడదాం, నెలకు 199 డాలర్లు, ఇన్సూరెన్స్ మాత్రం తీసుకోం అన్నారు. మీరు అడిగినవి మూడు. కంపెనీ ఇన్సూరెన్స్ ఈ మందుకి డబ్బు కడుతుందా? మొత్తం ఎంత అవుతుంది? ఇండియా నుంచి తెప్పించుకుంటే చౌక కదా? చివర్లో ఒకే ఒక్క లైనులో, రెండో బిడ్డ కోసం చూస్తున్నామని రాశారు. నాకు మాత్రం ఆ చివరి లైనే అన్నిటికన్నా ముఖ్యంగా కనపడింది.

నేను ఫార్మసిస్టుని. టెక్సస్‌లోనే పన్నెండేళ్లు మందుల షాపు కౌంటర్ వెనక ఉన్నాను. తర్వాత తొమ్మిదేళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రయర్ ఆథరైజేషన్ విభాగంలో పనిచేశాను. డాక్టరు రాసిన మందుకి కంపెనీ డబ్బు కట్టాలా వద్దా అని కాగితాలు చూసి చెప్పే పని అది. టెస్టోస్టెరాన్ ఫైళ్లు రాని రోజు ఉండేది కాదు. నేను డాక్టర్ని కాదు కాబట్టి మీకు జబ్బు ఉందో లేదో చెప్పలేను. ఆ కాగితాలు ఎక్కడ ఆగిపోతాయో, మనవాళ్ల డబ్బు ఎక్కడ వృథాగా పోతుందో మాత్రం బాగా తెలుసు.

ముందు అసలు మాట చెప్తాను. ఇప్పుడే డబ్బు కట్టకండి. మీకు టెస్టోస్టెరాన్ తక్కువని ఇంకా తేలలేదు.

మీరు పంపిన రిపోర్టులో పైన చిన్న అక్షరాల్లో రెండు టైములు ఉన్నాయి చూడండి. ఒకటి రక్తం తీసిన టైము, ఇంకోటి రిపోర్టు ఇచ్చిన టైము. మీ రక్తం తీసింది మధ్యాహ్నం 2 గంటల 47 నిమిషాలకు. నేను ఫైలు తెరవగానే మొదట చూసేది ఆ టైమే. టెస్టోస్టెరాన్ పొద్దున్న ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. 30, 40 ఏళ్ల మధ్య మగవాళ్లలో ఉదయం 8కీ సాయంత్రం 4కీ మధ్య 20 నుంచి 25 శాతం తేడా ఉంటుంది. దానికి తోడు భోజనం చేస్తే ఇంకాస్త పడిపోతుంది. అదే మనిషి పరగడుపున పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లి ఉంటే ఆ అంకె 340 వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు.

ఇంకో సంగతి. మీ రిపోర్టు పక్కన ఉన్న నార్మల్ రేంజ్ 264 నుంచి 916. అంటే ఆ ల్యాబ్ లెక్క ప్రకారం మీ 271 నార్మలే. అమెరికా యూరాలజీ అసోసియేషన్ 300 కంటే తక్కువైతే తక్కువ అంటుంది. హార్మోన్ డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ ఆరోగ్యంగా, బరువు పెరగకుండా ఉన్న కుర్రాళ్లను చూసి 264 అనే గీత గీసింది. ఇన్సూరెన్స్ కంపెనీలు కొన్ని మొదటి లెక్కను పట్టుకుంటాయి, కొన్ని ల్యాబ్ రేంజ్‌ను పట్టుకుంటాయి. కాబట్టి మీ 271 ఒక కంపెనీలో పాస్, ఇంకో కంపెనీలో ఫెయిల్. రెండు సంస్థలూ ఒప్పుకునేది ఒకటుంది: వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే, కనీసం రెండుసార్లు చేసిన పరీక్షలో తక్కువ ఉండాలి, దానికి తగ్గ లక్షణాలూ ఉండాలి. రెండింటిలో ఏది లేకపోయినా దాన్ని జబ్బు అనరు.

కాబట్టి మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైమరీ కేర్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పొద్దున్న 8, 10 గంటల మధ్య, పరగడుపున టోటల్ టెస్టోస్టెరాన్ చేయించండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో చేయించకండి. ఇండియా టీమ్‌తో రాత్రి రెండింటి దాకా కాల్స్‌లో కూర్చున్న మర్నాడు అసలే వద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కొన్ని రోజుల ముందే ఆపి డాక్టరుకు చెప్పండి. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో అది టెస్టోస్టెరాన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. మొదటిది తక్కువ వస్తే రెండోసారి చేయించేటప్పుడు ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ కూడా అడగండి.

ఎస్‌హెచ్‌బీజీ అంటే రక్తంలో టెస్టోస్టెరాన్‌ను మోసుకెళ్లే ప్రొటీన్. పొట్ట ఉన్నవాళ్లలో, షుగర్ వచ్చేలా ఉన్నవాళ్లలో ఇది తగ్గుతుంది. అప్పుడు టోటల్ అంకె తక్కువ కనపడుతుంది కానీ ఒంటికి పనికొచ్చే ఫ్రీ టెస్టోస్టెరాన్ బాగానే ఉంటుంది. మనవాళ్లకు సన్నగా కనపడే వయసులోనే నడుము చుట్టూ కొవ్వు చేరి షుగర్ దగ్గరికి వచ్చేస్తుంది కదా, అందుకే మన మగవాళ్లు ఈ పరీక్ష తప్పక అడగాలి.

ఎల్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆర్డర్. ఆర్డర్ గట్టిగా వస్తున్నా సరుకు రాకపోతే లోపం వృషణాల్లో ఉంది. ఆర్డరే సరిగా రాకపోతే పైన, అంటే పిట్యూటరీలో చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా అక్కడి నుంచే వచ్చే ఆర్డర్, వీర్యకణాల తయారీకి. ప్రొలాక్టిన్ అక్కడి నుంచే వచ్చే ఇంకో హార్మోన్. ప్రొలాక్టిన్ బాగా ఎక్కువ ఉంటే పిట్యూటరీలో చిన్న గడ్డ ఉండొచ్చు. అది మాత్రలతోనే తగ్గే అవకాశం ఎక్కువ, టెస్టోస్టెరాన్ అసలు అవసరమే పడకపోవచ్చు. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువ ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ కూడా అరుదేం కాదు. 500 నుంచి 1000 మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుంది. చాలామందికి జీవితాంతం తెలియదు కూడా. ఇవేవీ చూడకుండా నేరుగా సూది వేసేస్తే అంకె పెరుగుతుంది, అసలు కారణం లోపలే ఉండిపోతుంది.

మీ ఆవిడని ఒక మాట అడగండి, రాత్రిళ్లు గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని. స్లీప్ ఆప్నియా ఉంటే పగలంతా మీరు చెప్పిన నీరసమే ఉంటుంది. టెస్టోస్టెరాన్ కూడా తగ్గుతుంది. దానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది, ఇన్సూరెన్స్‌లు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఆప్నియా ముదిరి ఉండగా, దానికి చికిత్స చేయకుండా టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదని ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇక రెండో బిడ్డ విషయం. దయచేసి ఈ భాగం మీ ఆవిడతో కలిసి చదవండి.

బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే, ఒంట్లో సరిపడా ఉందనుకుని పిట్యూటరీ ఆ ఆర్డర్ పంపడం మానేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోతాయి. వృషణాల్లో వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. మగతనం పెంచే మందు అని అందరూ అనుకుంటారు కానీ పిల్లల విషయంలో ఇది సరిగ్గా రివర్స్‌లో పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది, ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. చాలామందిలో కణాల సంఖ్య సున్నాకి వచ్చింది. ఇప్పుడు క్లినిక్‌లు ఇచ్చే డోసు దానికి మరీ దూరమేం కాదు.

మా బావమరిది కథ చెప్తాను. వేరే రాష్ట్రంలో ఉంటాడు. మీలాగే ఒక క్లినిక్‌కి వెళ్లాడు, మీలాగే ఒకే ఒక్క పరీక్ష. పిల్లలు కావాలా అని అక్కడ ఎవరూ అడగలేదు, వీడికీ చెప్పాలని తోచలేదు. పద్నాలుగు నెలలు వారం వారం తొడకి సూది వేసుకున్నాడు. జిమ్‌లో బరువులు బాగా ఎత్తగలుగుతున్నాను బావా అని ఫోన్‌లో సంతోషంగా చెప్పేవాడు. ఇంట్లో మాత్రం నెల నెలా మా చెల్లెలు (వాడి భార్య, నాకు వరసకు చెల్లెలే) టెస్ట్ కిట్ చూసుకుని ఏడ్చేది. ఆమెకే స్కానింగులు, ఆమెకే రక్తపరీక్షలు. అంతా అయ్యాక ఎవరో డాక్టరు మగాయన పరీక్ష ఏది అంటే అప్పుడు చేయించారు. రిపోర్టులో వీర్యకణాల కౌంట్ దగ్గర సున్నా. ఆ రాత్రి వాడు ఫోన్ చేసి, నువ్వు ఫార్మసిస్టువై ఉండి ఎందుకు చెప్పలేదు బావా అన్నాడు. వాడు ఆ మందు వాడుతున్నాడని తెలిసీ నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు ఎవరు టెస్టోస్టెరాన్ అన్నా మొదట అదే అడుగుతున్నాను.

మందు ఆపేశాక వాడి కౌంట్ తిరిగి వచ్చింది. గర్భనిరోధక పరీక్షల్లో పాల్గొన్నవాళ్లను కలిపి చూసిన లెక్కల్లో, ఆరు నెలలకు సుమారు మూడింట రెండొంతుల మందికి, ఏడాదికి 90 శాతం మందికి కౌంట్ తిరిగి వచ్చింది. మిగతావాళ్లకు రెండేళ్ల దాకా పట్టింది. వాళ్లంతా మొదట ఆరోగ్యంగా ఉన్నవాళ్లని గుర్తుపెట్టుకోండి. మా వాడికి పదకొండు నెలలు పట్టింది. క్లోమిఫీన్ మాత్రలు, ఎల్‌హెచ్ లాగే పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు వాడారు. ఆ నెలల్లో మళ్లీ అదే నీరసం, కోపం, దిగులు. హెచ్‌సీజీకి ఇన్సూరెన్స్ ఒక్క డాలర్ ఇవ్వలేదు. 2020 మార్చిలో దాన్ని బయోలాజిక్ (జీవుల నుంచి తయారయ్యే) మందుల కిందికి మార్చాక, చౌకగా కలిపి ఇచ్చే కాంపౌండింగ్ ఫార్మసీలు ఇవ్వలేకపోతున్నాయి. నెలకు రెండు మూడు వందల డాలర్లు జేబులోంచి పోయాయి. ఇప్పుడు వాళ్లకి బాబు. కానీ ఆ రెండేళ్లు ఇద్దరూ నలిగిపోయారు.

అందుకని, పిల్లలు కావాలనుకుంటున్న మగవాడికి టెస్టోస్టెరాన్ రాయకూడదన్నదే యూరాలజీ అసోసియేషన్ మాట. మీ అంకె నిజంగా తక్కువే అని తేలితే మేల్ ఫెర్టిలిటీ చూసే యూరాలజిస్టును కలవండి. క్లోమిఫీన్ ఎల్‌హెచ్ ఆర్డర్‌నే పెంచుతుంది, కాబట్టి కౌంట్ పడిపోదు. మగవాళ్ల కోసం దానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు, అందుకే ఇన్సూరెన్స్ కాదనవచ్చు. అయినా జనరిక్ మాత్రలే కాబట్టి జేబులోంచి కొన్నా భారం కాదు. ఏదైనా మొదలుపెట్టే ముందు వీర్యపరీక్ష చేయించండి. ఏ కారణం వల్లనైనా టెస్టోస్టెరానే తప్పదంటే ముందు స్పెర్మ్ ఫ్రీజ్ చేయించుకోండి. మొదట్లో కొన్ని వందల డాలర్లు, తర్వాత ఏటా నిల్వ ఖర్చు ఉంటుంది.

ఇక ఇన్సూరెన్స్. రెండు పరీక్షలూ తక్కువ వచ్చి, పిల్లల విషయం కూడా తేలిపోయాక ఏం జరుగుతుందో చెప్తాను.

డాక్టరు ప్రిస్క్రిప్షన్ పంపగానే ఫార్మసీ కంప్యూటర్‌లో ‘ప్రయర్ ఆథరైజేషన్ కావాలి’ అని వస్తుంది. ఫార్మసీ వాళ్లు డాక్టర్ ఆఫీసుకు ఫ్యాక్స్ పంపుతారు, అక్కడ మెడికల్ అసిస్టెంట్ ఫారం నింపుతారు. నా టేబుల్ మీదికి వచ్చేది ఆ ఫారమే. నేను చూసేవి నాలుగైదు విషయాలు: రెండు పరీక్షలు వేర్వేరు తేదీల్లో ఉన్నాయా, పొద్దున్న తీసినవేనా, అంకె ఎంత, లక్షణాలు రాశారా, జబ్బు కోడ్ ఏమిటి. వృషణాల లోపం అయితే ఇ29.1, పిట్యూటరీ లోపం అయితే ఇ23.0 వేస్తారు. చాలామంది హడావుడిలో నీరసానికి వాడే ఆర్53.83 కోడ్ వేసి పంపేస్తారు. అది వచ్చిందంటే రిజెక్ట్. నీరసం అనేది టెస్టోస్టెరాన్‌కి అనుమతి ఉన్న జబ్బు కాదు. మనిషికి నిజంగా జబ్బు ఉండి కూడా, కాగితం మీద ఒక్క కోడ్ తేడా వల్ల వెనక్కి పోయిన ఫైళ్లు ఎన్ని చూశానో.

కాబట్టి డాక్టర్ దగ్గర లక్షణాలు చెప్పేటప్పుడు సిగ్గుపడకండి. మనవాళ్లు కొద్దిగా టైర్డ్‌గా ఉంటోంది డాక్టర్ అని ఊరుకుంటారు. డాక్టరు అదే రాస్తారు. కోరిక తగ్గడం, పొద్దున్న లేచేసరికి సహజంగా ఉండాల్సిన అంగస్తంభన లేకపోవడం, కలయికలో ఇబ్బంది, ఈ మూడే టెస్టోస్టెరాన్ లోపానికి ఎక్కువగా ముడిపడిన లక్షణాలు. ఉన్నవి ఉన్నట్టు చెప్పండి, రాయించండి. లేనివి మాత్రం చెప్పకండి. 65 ఏళ్లు దాటిన 790 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో లైంగిక విషయాల్లో కొంత మేలు కనపడింది, అలసటలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీకు ఉన్నది కేవలం నీరసమే అయితే ఈ మందు మీకు అంతగా పనిచేయకపోవచ్చు.

ఏ మందుకు ముందు ఒప్పుకుంటారంటే, దాదాపు ఎప్పుడూ జనరిక్ ఇంజెక్షనే. టెస్టోస్టెరాన్ సిపియోనేట్, మిల్లీలీటర్‌కు 200 మిల్లీగ్రాములు. జెల్ కావాలంటే ముందు ఇంజెక్షన్ వాడి చూశారా అని అడుగుతారు. నోటి మాత్రలు, ఆటో ఇంజెక్టర్లు అయితే రెండూ వాడి చూశారా అంటారు. అనుమతి ఆరు నెలలకో ఏడాదికో ఇస్తారు, తర్వాత కొత్త రిపోర్టుతో రెన్యువల్. ఇది షెడ్యూల్ 3 నియంత్రిత మందు కాబట్టి ప్రిస్క్రిప్షన్ ఆరు నెలల వరకే చెల్లుతుంది, రీఫిల్స్ ఐదుకి మించవు. రిజెక్ట్ అయితే 180 రోజుల్లోపు అప్పీల్ చేయవచ్చు. అదీ కాదంటే నాలుగు నెలల్లోపు బయటి సమీక్ష అడిగే హక్కు ఉంది. రిజెక్షన్ లెటర్‌లో కారణం రాసి ఉంటుంది, దాన్ని పూర్తిగా చదవండి. చాలాసార్లు లేని ఒక్క కాగితం పంపితే చాలు, అనుమతి వచ్చేస్తుంది.

మనలాంటి వీసా ఉద్యోగులకు ఒక ముఖ్యమైన మాట. ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది, అనుమతి మళ్లీ మొదటి నుంచి. కొత్త కంపెనీ అడిగేది మందు మొదలుపెట్టక ముందు చేసిన పరీక్షలు. అప్పటికి మీరు మందు మీద ఉంటారు, అంకె 600 ఉంటుంది, తక్కువ ఉన్నట్టు చూపించడానికి ఏమీ ఉండదు. క్లినిక్‌లో మధ్యాహ్నం చేసిన ఒకే ఒక్క పరీక్షతో మొదలుపెట్టిన వాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. మందు ఆపి, నెలల తరబడి నీరసంతో ఉండి, మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. లేదంటే జీవితాంతం ఆ క్లినిక్‌కే కట్టాలి. అందుకే మొదటి రెండు రిపోర్టుల పీడీఎఫ్‌లు, టైము కనపడేలా, మీ పాస్‌పోర్ట్ కాపీలు దాచుకున్న ఫోల్డర్‌లోనే దాచుకోండి.

డబ్బు లెక్కకి వద్దాం. సిపియోనేట్ 10 మిల్లీలీటర్ల వయల్‌లో 2,000 మిల్లీగ్రాములు ఉంటాయి. వారానికి 100 మిల్లీగ్రాములైతే లెక్కకు 20 వారాలు. నేను కౌంటర్‌లో చూసినంతవరకు డిస్కౌంట్ కూపన్‌తో ఇది 40 నుంచి 80 డాలర్ల మధ్య దొరికేది. షాపు షాపుకీ తేడా ఉంటుంది, నాలుగు చోట్ల అడగండి. ఇన్సూరెన్స్‌లు చాలావరకు 1 మిల్లీలీటర్ చిన్న వయల్స్‌కే ఒప్పుకుంటాయి, కోపే (మీరు కట్టే వాటా) నెలకు పది ఇరవై డాలర్లు. సిరంజిలు, సూదులు వంద ఉన్న పెట్టె కొంటే పెద్ద ఖర్చు కాదు. ఏడాదికి డాక్టర్ విజిట్లు, రక్తపరీక్షలు, మందు అన్నీ కలిపినా నెట్‌వర్క్‌లో చూపించుకునే మనిషికి 400 నుంచి 700 డాలర్ల లోపు అయిపోవడమే ఎక్కువగా చూశాను. క్లినిక్ లెక్క 199 ఇంటూ 12, అంటే 2,388. ఒకే మందు, ఒకే సీసా.

మీది హై డిడక్టిబుల్ ప్లాన్ అన్నారు. 2026కి అలాంటి ప్లాన్‌లో కనీస డిడక్టిబుల్ ఒక్కరికి 1,700, కుటుంబానికి 3,400 డాలర్లు. అది నిండేదాకా మందుకి మీరే కట్టాలి. అప్పుడు ఇన్సూరెన్స్ ధర కంటే కూపన్ ధరే తక్కువ ఉండొచ్చు. కానీ కూపన్‌తో కొన్నది సాధారణంగా డిడక్టిబుల్‌లో కలవదు. ఈ ఏడాది మీ ఇంట్లో కాన్పు లాంటి పెద్ద ఖర్చు ఉందంటే డిడక్టిబుల్ ఎలాగూ నిండుతుంది, ఇన్సూరెన్స్ మీదే తీసుకోండి. లేదంటే కూపన్ మేలు. ఏదైనా ప్రిస్క్రిప్షన్ మందే కాబట్టి హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) కార్డుతో కట్టవచ్చు.

సీసా మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు ఉందా? సిపియోనేట్ పత్తి గింజల నూనెలో కలిపి ఉంటుంది. ఎనాంథేట్ నువ్వుల నూనెలో. పది వారాలకోసారి వేసే అన్‌డెకనోయేట్ ఆముదంలో. ఇండియాలో దొరికే సస్టనాన్ వేరుశెనగ నూనెలో. నువ్వులు పడనివాళ్లు, వేరుశెనగ పడనివాళ్లు మనలో ఉన్నారు. కాబట్టి అలర్జీ ఉంటే ముందే ఫార్మసిస్టుకు చెప్పండి. చలికాలంలో నూనె చిక్కగా ఉంటుంది. సీసాని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, లావు సూదితో లాగి, సన్న సూదికి మార్చి, మెల్లగా వేసుకుంటే నొప్పి తక్కువ.

జెల్ సులువు కదా అంటారు. జనరిక్ జెల్‌కి కూపన్ మీద నెలకు 40 నుంచి 100 డాలర్లు, బ్రాండ్ అయితే వందల్లో. కానీ మీ ఇంట్లో పాప ఉంది. జెల్ రాసేది భుజాల మీద. మన ఇళ్లల్లో నాన్నలు బనీనుతో ఉంటారు, పిల్లలు నిద్రపోయేది కూడా ఆ భుజం మీదే. ఆ జెల్ పాప చెంపకి, చేతులకి అంటితే ఆ హార్మోన్ పాప ఒంట్లోకి పోతుంది. వయసు రాకుండానే వెంట్రుకలు రావడం, ఎముకలు ముందే ముదరడం లాంటివి జరిగాయి కాబట్టే 2009లో ఎఫ్‌డీఏ జెల్ పెట్టెల మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. జెల్ వాడాల్సి వస్తే ఆరాక టీషర్ట్ వేసుకోవాలి, చేతులు సబ్బుతో కడగాలి, పాపని ఎత్తుకునే ముందు ఆ చోటు కడుక్కోవాలి. చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే ఇంజెక్షనే మేలంటాను.

ఆ క్లినిక్ 199లో ఏమేం వస్తాయో రాతపూర్వకంగా అడిగి చూడండి. మీ సొంత ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ పరీక్షలు అందులో ఉన్నాయా? హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ఎన్ని నెలలకోసారి చేస్తారు? ఆపేస్తానంటే ఏం చేస్తారు? అంకెను 900కి, 1,000కి ‘ఆప్టిమైజ్’ చేస్తాం అంటే లేచి వచ్చేయండి. చర్మం కింద పెట్టే పెల్లెట్స్ అంటే ఇంకా జాగ్రత్త. ఒకసారికే వందల డాలర్లు, ఏదైనా తేడా చేస్తే వెంటనే బయటికి తీయడం కష్టం. అన్ని క్లినిక్‌లూ ఇలాంటివే అనను, పద్ధతిగా చేసే డాక్టర్లూ ఉన్నారు. వాళ్లు మాత్రం పొద్దున్న పరీక్ష లేకుండా మొదలుపెట్టరు.

మందు మొదలైతే గమనించాల్సిన వాటిలో రక్తం చిక్కబడటం మొదటిది. హిమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి, లేదా డోసు తగ్గించాలి. మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏటా పరీక్ష. ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లకే ఇది ఎక్కువగా పెరుగుతుంది. గుండె సంగతి చాలామంది భయపడతారు. గుండెజబ్బు ఉన్న లేదా ముప్పు ఉన్న 45 నుంచి 80 ఏళ్ల మగవాళ్లు 5,200 మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీ దెబ్బతినడం కొద్దిగా ఎక్కువ కనపడ్డాయి. ఆ తర్వాత 2025లో ఎఫ్‌డీఏ లేబుల్స్ మార్పించి, రక్తపోటు పెరగొచ్చనే హెచ్చరిక చేర్చింది. ప్రొస్టేట్ లేదా రొమ్ము కేన్సర్ ఉన్నవాళ్లకు, గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, హార్ట్ ఫెయిల్యూర్ అదుపులో లేనివాళ్లకు ఇది వద్దు.

ఇండియా నుంచి తెప్పించుకోవడం మాత్రం వద్దే వద్దు. అక్కడ చీటీ లేకుండా కూడా కొన్ని షాపుల్లో ఇచ్చేస్తారు, నిజమే. ఇక్కడ ఇది నియంత్రిత మందు. పోస్టులో వస్తే కస్టమ్స్ పట్టుకోవచ్చు. వీసా మీద ఉన్నవాడి పేరు మీద నియంత్రిత మందుల కేసు పడితే, మిగిలే నలభై డాలర్ల కోసం స్టాంపింగ్ దగ్గర, గ్రీన్‌కార్డ్ దగ్గర ఎంత టెన్షనో ఆలోచించండి. మీరు సెలవులకి వెళ్లేటప్పుడు ఇక్కడి మందు తీసుకెళ్లాలంటే ఫార్మసీ లేబుల్ ఉన్న పెట్టెలోనే, ప్రిస్క్రిప్షన్ కాపీతో తీసుకెళ్లండి.

రేపెప్పుడైనా హైదరాబాద్ వెళ్లి స్థిరపడితే అక్కడి లెక్క వేరు. అక్కడ ఆరోగ్య పాలసీలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తాయి. నెల నెలా కొనే మందుకి, పరీక్షలకి ఓపీడీ కవర్ విడిగా ఉంటే తప్ప రాదు. సంతాన సమస్యల చికిత్స చాలా పాలసీల్లో మినహాయింపే. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ ఫారంలో ఈ చికిత్స సంగతి దాచకుండా రాయండి, లేదంటే వేరే జబ్బు క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇదంతా చదివి, మందు చెడ్డదని అనుకోకండి. రెండు పరీక్షల్లోనూ 150, 180 వచ్చి, కారణం తేలి, సరైన డోసు పడ్డాక మళ్లీ మామూలు మనుషులైనవాళ్లు నా కౌంటర్ దగ్గరికి వచ్చి థాంక్స్ చెప్పి వెళ్లారు. నిజంగా అవసరమైన మగవాడు సిగ్గుతో వాయిదా వేసుకోవడం కూడా నాకు బాధగానే ఉంటుంది. మీకు అవసరమో కాదో ఇంకా తెలియదు, అంతే.

సోమవారం ప్రైమరీ కేర్ డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఉదయం 8 గంటల ల్యాబ్ అపాయింట్‌మెంట్ అడగండి. ముందు రోజు రాత్రి కాల్స్ లేకుండా చూసుకుని, తిని, పడుకోండి. రిజల్ట్ వచ్చాక రక్తం తీసిన టైము, రేంజ్, ఎల్‌హెచ్ అంకె ఇక్కడ రాయండి. పేరు, పుట్టినతేదీ మాత్రం కొట్టేసి పెట్టండి. చూసి చెప్తాను.